పద్నాలుగు దినాల మనాది

మా అక్క కూతురు ఎమ్మే సైకాలజీ చదువుతోంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే తిరుచానూరులో మా ఇంటికొచ్చి, సంచిలోంచి ఒక కట్ట జిరాక్సు కాగితాలు తీసి, "చిన్నమ్మా, నువ్వు పుస్తకాల మీద రాస్తావు గదా, ఈ తెలుగు కొంచెం చూసిపెట్టు" అనింది. అమ్మవారి గుడి చుట్టుపక్కల పూలమ్మే ఆడవాళ్లలో డిప్రెషన్ ఎంతుందో కొలవడం దాని డిసర్టేషన్. అరవైమంది కావాలి, నెలాఖరు లోపల కావాలి.

కాగితం మీదున్నది పీహెచ్‌క్యూ–9. అమెరికాలో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు తయారుచేసి 2001లో ప్రచురించిన ప్రశ్నాపత్రం. తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఈ ఇబ్బంది ఎన్ని రోజులుంది? అసలు లేకపోతే సున్నా, దాదాపు రోజూ ఉంటే మూడు. మొత్తం ఇరవై ఏడుకి పది గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తగా చూడాలని లెక్క. ప్రపంచమంతా వాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. దీనికి పద్ధతిగా చేసిన తెలుగు అనువాదం కూడా ఉంది. ఆ సంగతి దీనికెవరూ చెప్పలేదు. ఫోన్లో పెట్టి తెలుగు చేసుకుని వచ్చింది.

నేను పుస్తకం చదివినట్టే చదివాను. చదివేది ఎవరు, మాట్లాడేది ఎవరు అని చూడటం అలవాటైపోయింది. ఆ కాగితంలో మాట్లాడే మనిషి ఎవరో నాకు దొరకలేదు. "మీ పట్ల మీరు వైఫల్యంగా భావించడం" అని ఒక వాక్యం ఉంది. తిరుచానూరులోనే కాదు, తెలుగు నేల మీద ఎవరూ ఎవరితోనూ ఇట్లా మాట్లాడరు. "పనులు చేయుటలో స్వల్ప ఆసక్తి లేదా ఆనందం" అని ఇంకొకటి. ఇంగ్లీషులో అది చాలా మామూలు మాట, కాఫీ తాగుతూ అడగగలిగిన మాట. తెలుగులోకి వచ్చేసరికి తాసిల్దారాఫీసు నోటీసైంది. కొన్ని దిద్దాను. కొన్ని దిద్దుబాటుకు లొంగలేదు. ఎందుకో ఆ మధ్యాహ్నం తెలిసింది.

దానికి తోడుగా నేనూ వెళ్లాను. పద్మసరోవరం పక్క సందులో పూలు కట్టుకుంటున్న ఒక అవ్వ దగ్గర కూర్చున్నాం. మొదటి ప్రశ్న. "ఆసక్తి అంటే ఏంది పాపా?" అనింది అవ్వ. "ఇష్టం అవ్వా. చేసే పని మీద ఇష్టం తగ్గిందా అని." అవ్వ దారం పంటితో తెంపి, "ఇష్టముంటేనే చేస్తామా ఏంది పన్లు?" అనింది. మా పిల్ల నా వైపు చూసింది. సున్నానా, మూడా?

నిద్ర దగ్గరికొచ్చాం. "మూడు గంటలకే లేస్తా. అది నిద్ర పట్టక లేసేదా, పూల కోసరం లేసేదా, నాకేం తెల్సు? నువ్వే రాసుకో."

రెండు వారాల సంగతి వచ్చేసరికి మాత్రం అవ్వ చేతులు ఆగిపోయినాయి. "మనాది రొండు వారాల్లో వచ్చేదా పాపా? మా పెద్దోడు పోయినప్పట్నించీ ఉండాది. పంచమీ తీర్థం పొద్దు పోయినాడు వాడు. ఊరు నిండా జనం, అంబులెన్సు లోపలికి రాలేకపొయ్యింది. ఇంక కార్తీకం పుట్టిందంటే చాలు, గుండెకాయను ఎవురో మూట కట్టినట్టుంటాది. మళ్లా పుష్యం, మాఘం వచ్చేసరికి కొంచెం ఇప్పుతారు."

మేం అడిగింది మాఘంలో. అవ్వకు ఏడు మార్కులు వచ్చాయి. పట్టికలో ఐదు నుంచి తొమ్మిది దాకా "స్వల్పం".

ప్రశ్నాపత్రం తప్పు అని నేననడం లేదు. రెండు వారాల గడువుకు కారణం ఉంది, డిప్రెషన్ నిర్ధారణకు పెట్టుకున్న కొలతలోనే ఆ రెండు వారాలున్నాయి. మందు మొదలుపెట్టిన మనిషి నెల తర్వాత ఎట్లున్నాడో చూడటానికి దీన్ని మించిన తేలిక పరికరం లేదు. అది జల్లెడ, తీర్పు కాదు. పైగా కొడుకు పోయిన దుఃఖాన్ని డిప్రెషన్ అనేయడం కూడా తప్పే. నేను తప్పు పట్టేది వేరే. రేపు డిసర్టేషన్లో ఈ అవ్వ ఒక ఏడుగా మిగులుతుంది. కార్తీకం మిగలదు, మూట మిగలదు. "మనాది" అన్న మాటకు ఆ కాగితం మీద గడి లేదు.

మనోవ్యాధి అన్న మాటే నోళ్లలో నలిగి మనాది అయిందంటారు. దిగులు వేరు, గుబులు వేరు, బేజారు వేరు, మనాది వేరు. గుబులు రాబోయే దాని గురించి, మనాది పోయిన దాని గురించి. దిగులు సాయంత్రానికి పోవచ్చు, మనాది మనిషిని లోపల్నించి తినేస్తుంది. ఇంత సన్నని తేడాలు చూపించే భాష చేతిలో పెట్టుకుని, మన సైకాలజీ పిల్లలు "వైఫల్యంగా భావించడం" దగ్గర ఎందుకు ఇరుక్కున్నారు?

ఒక కారణం, తెలుగులో సైకాలజీని ఎక్కువమంది చదివేది పరీక్ష కోసం. టెట్‌లో నూట యాభై మార్కులకు ముప్పై మార్కులు శిశు వికాసం, పెడగాజీ. డీఎస్సీ కోచింగ్ సెంటర్ల ముందు పుస్తకాల బండి మీద చూడండి, ఫ్రాయిడ్, పియాజే, పావ్‌లోవ్ గైడ్ల రూపంలో వరసగా ఉంటారు. అచిత్తు, అహం, అధ్యహం. పునర్బలనం, నిబంధనం, హేతుకీకరణం. కుంఠనం అంటే ఫ్రస్ట్రేషన్ అని బట్టీ పట్టిన అభ్యర్థి, ఐదోసారి నోటిఫికేషన్ వాయిదా పడి గది అద్దె కట్టలేక మేడ మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు, తనకు వచ్చింది కుంఠనమని ఒక్కసారైనా అనుకుంటాడా? ఈ మాటలు తయారుచేసిన పెద్దలను ఎగతాళి చేయను. తెలుగులో శాస్త్రం చెప్పాలని పూనుకున్న తరం అది, వాళ్లకు నిఘంటువే దిక్కైంది. కానీ ఆ మాటలు ముప్పై మార్కుల గోడ దాటి బయటికి రాలేదు.

ఇంకో పక్క మన తరం. మనకు ట్రామా ఉంది, ట్రిగ్గర్ ఉంది, టాక్సిక్ ఉంది, విడిపోయిన ప్రతి అబ్బాయీ నార్సిసిస్టే. రీల్స్ నేర్పిన ఈ మాటల్ని నేనూ వాడతాను. వాటివల్ల కొంత మేలు జరిగింది కూడా, హాస్టల్ గదిలో ఒక అమ్మాయి "నాకు యాంగ్జైటీ" అని బయటికి అనగలుగుతోంది. అయితే అదే అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి వాళ్లమ్మకు ఏ మాట చెప్పాలి? అమ్మ దగ్గర గుబులు అనే మాట ఉంది, కూతురి దగ్గర యాంగ్జైటీ ఉంది, కౌన్సెలర్ దగ్గర ఉద్వేగ అస్థిరత్వం ఉంది. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటే దుబాసీ ఎవరు?

ఈ దుబాసీ పని ఇన్నాళ్లూ నవలలు చేశాయి. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవలగా చెప్పుకునే 'అసమర్థుని జీవయాత్ర' 1940ల్లో వచ్చింది. సీతారామారావు తనను తాను వైఫల్యంగా "భావించడు". వాదిస్తాడు, దబాయిస్తాడు, వంశం పేరు చెప్పుకుంటాడు, ఎదుటివాళ్ల మీద విరుచుకుపడతాడు. ఆ మాటల వెనక కూలిపోతున్న మనిషి మనకు కనిపిస్తాడు. గోపీచంద్ లక్షణాలు చెప్పలేదు, మాట వినిపించాడు. సైకాలజీ ఎమ్మేలో ఒక సెమిస్టర్ ఈ నవల పెట్టి, సీతారామారావుతో మొదటి గంట ఇంటర్వ్యూ ఎట్లా చేస్తావో రాయమంటే బాగుంటుందని నా దురాశ.

పరిశోధన సంగతికి వస్తే, పదేళ్లుగా పడమటి దేశాల సైకాలజీని పీడిస్తున్నది పునరావృతం కాకపోవడం. 2015లో వంద ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే సుమారు మూడో వంతు మాత్రమే నిలబడ్డాయి. పెద్ద గొడవైంది, పద్ధతులు మారాయి. మన దగ్గర జబ్బు తిరగబడి ఉంది. ఇక్కడ పునరావృతం తప్ప ఇంకేం లేదు. అదే స్కేలు, ఇంకో జిల్లా. అదే స్కేలు, ఈసారి నర్సులు. అదే స్కేలు, ఈసారి పూలమ్మేవాళ్లు.

దీనికి విరుగుడుగా వచ్చిన "భారతీయ మనస్తత్వశాస్త్రం" కూడా నన్ను పూర్తిగా ఒప్పించలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖను నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు ఈ దారిలో పెద్ద పేరు. ఆయన మరో ఇద్దరితో కలిసి సంపాదకత్వం వహించిన 'హ్యాండ్‌బుక్ ఆఫ్ ఇండియన్ సైకాలజీ' 2008లో వచ్చింది. యోగసూత్రాలు, ఉపనిషత్తులు, చైతన్యం. గంభీరమైన పని, గౌరవించాల్సిన పని. కానీ పడమటి గ్రంథం మూసి సంస్కృత గ్రంథం తెరవడంతో అవ్వ మాట వినబడదు. రెండు చోట్లా ఆమె గ్రంథం బయటే ఉంది.

వినడం సాధ్యమేనని చూపించింది జింబాబ్వే. 1990ల్లో విక్రమ్ పటేల్, అక్కడివాళ్లు కలిసి షోనా భాషలో రోగులు తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటున్నారో ముందు విన్నారు. "కుఫుంగిసిసా" అనే మాట మళ్లీ మళ్లీ వచ్చింది. మరీ ఎక్కువగా ఆలోచించడం అని అర్థం. అట్లాంటి మాటలతోనే పద్నాలుగు ప్రశ్నల షోనా ప్రశ్నాపత్రం కట్టారు. తర్వాత డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఆసుపత్రుల బయట బెంచీలు వేయించి, శిక్షణ ఇచ్చిన అవ్వల్ని కూర్చోబెట్టాడు. జనం వచ్చి వాళ్లతో మాట్లాడారు. 2016లో వచ్చిన పరీక్షా ఫలితాల్లో ఆ మాటలకు గుణం కనిపించింది. 2013 నాటి డీఎస్‌ఎం–5 చివరి పట్టికలో కుఫుంగిసిసా ఉంది. మనాది లేదు. ఎవరూ చేర్చకపోతే ఎట్లా ఉంటుంది?

అంత దూరం కూడా అక్కర్లేదు. చిత్తూరు జిల్లావాళ్లకు పెద్ద జబ్బు చేస్తే పోయేది వేలూరు. అక్కడ సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక వైద్యశాలలో రోగితో పాటు ఇంటిమనిషి ఉండాలనేది పాత పద్ధతి. కేఎస్ జేకబ్ లాంటి డాక్టర్లు అక్కడే, నీకు ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నావు అని రోగుల్ని అడిగి రాసుకున్నారు. గాలి సోకిందనేవాళ్లూ, జబ్బే అనేవాళ్లూ వేరువేరు మనుషులు కారనీ, ఒకే మనిషి రెండూ నమ్మగలడనీ వాళ్లు గమనించారు. మనూళ్లో ఎవరినడిగినా చెప్పే సంగతే. తాయెత్తు కట్టుకుని మాత్ర వేసుకుంటాం. కానీ అడగాలని తోచడం, అడిగింది శాస్త్రంగా రాయడం, అదీ శిక్షణ.

ఆ శిక్షణే ఇప్పుడు కత్తి అంచు మీదుంది. 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు, వందమంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. మన తిరుపతి లాంటి చదువుల ఊళ్లో ఎన్ని వందలమంది కావాలో వీధులు లెక్కపెట్టుకుంటే చాలు. కార్పొరేట్ చదువుల మీద మన నామిని 'చదువులా చావులా' రాసి ఎన్నో ఏళ్లైంది, కోర్టు ఇప్పుడు చేరుకుంది. తర్వాతి నెలలోనే యూజీసీ, సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్లోనూ చెప్పకూడదని ఆదేశించింది. ఆ నిర్ణయం సరైనదే అనుకుంటాను, మనిషి ఎదురుగా కూర్చోవడం పోస్టులో నేర్చుకునేది కాదు. కానీ ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ చదివిన ఆడవాళ్లకు ఉన్న తలుపు అదే. అది మూశాక రెగ్యులర్ కాలేజీల్లో మనిషి ఎదురుగా కూర్చోబెడుతున్నామా అని అడగాలి గదా? క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న చదువు కావాలి. మామూలు ఎమ్మేతో అది రాదు. సీట్లు తక్కువ. మిగతా పిల్లలంతా "కౌన్సెలర్" అన్న బోర్డు కింద చేరతారు. 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం సైకాలజిస్టుల్ని తన జాబితాలోకి తీసుకున్నా, బోర్డు కింద కూర్చున్న మనిషికి మాట వినడం ఎవరు నేర్పారన్నది చట్టం తేల్చేది కాదు.

ఇదంతా ఆ మధ్యాహ్నం నాకు స్పష్టంగా తోచలేదు. తోచింది ఒకే ఒక్క ప్రశ్న. తొమ్మిదోది. చచ్చిపోతే మేలనిపించిందా అని అడిగే ప్రశ్న. అవ్వను అడగబోయే ముందు మా పిల్లను పక్కకు పిలిచి, "అవునంటే ఏం చేయాలో మీ కాలేజీలో చెప్పారా?" అన్నాను. "లేదు చిన్నమ్మా. ఆ ప్రశ్న తీసేసినా పర్లేదన్నారు, ఎనిమిదితో కూడా ఒక వెర్షన్ ఉందంట." నిజమే, పీహెచ్‌క్యూ–8 ఉంది. దాన్ని వాడేవాళ్లకు కారణాలుంటాయి. ఈ పిల్లకు మాత్రం ఎవరూ ఏ కారణమూ చెప్పలేదు.

అడగాలనే అనుకున్నాం. ముందు కాగితం వెనక టెలి మానస్ నంబరు 14416 రాసిపెట్టుకున్నాం, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటారు. రుయాలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లోనో ఫోన్ చేసి కనుక్కున్నాం. అప్పుడు మా పిల్ల వచ్చి అవ్వ ముందు నేలమీద కూర్చుంది. కాగితం చూడకుండా అడిగింది. "అవ్వా, పెద్దాయన కాడికి పోదామనిపించిందా ఎప్పుడన్నా?"

అవ్వ చాలాసేపు మాట్లాడింది. ఆమె చెప్పింది ఇక్కడ రాయను. చెప్పడం అయ్యాక మూర మల్లెపూలు కత్తిరించి దాని జడలో తురిమి, నంబరు రాసిన కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. వచ్చే కార్తీకంలో వస్తావా అని అడిగింది.

డిసర్టేషన్ జూన్‌లోనే ఇచ్చేయాలి. కార్తీకానికి ఇది పరీక్షలు రాసేసి ఏ ఊళ్లో ఉంటుందో. "వస్తానవ్వా" అనింది. ఇంటికొచ్చి ఆ కాగితం వెనకవైపు మొత్తం, రెండు మూడు పక్కలు, అవ్వ మాటల్లోనే రాసింది. అది ఏ చాప్టర్లో పెట్టాలో గైడును అడుగుతానంది.