యువజనయాత్ర - జనసంఖ్య

తిరుపతికి పోయివచ్చినవానినైనను, ఫిబ్రవరి మాసమున గుణదల మరియమాత తిరునాళ్లకు పోయివచ్చినవానినైనను మనవారు మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటియే: 'జనము బాగుగ వచ్చిరా?' యాత్రికుడు దారిలో నేమి చూచెను, ఎవరి యింట భుజించెను, తిరిగివచ్చిన పిదప నింటిలో నెట్లు నడచుకొనుచున్నాడు అను ప్రశ్నలు పుట్టనే పుట్టవు. ఈ దౌర్బల్యము మన దేశమునకు మాత్రమే చెందినదని మేము తలచుచుండెడివారము. 2023వ సంవత్సరము ఆగస్టు మాసమున పోర్చుగల్ దేశపు రాజధానియగు లిస్బన్ నగరమున జరిగిన ప్రపంచ యువజన దినోత్సవమును గూర్చిన వృత్తాంతములను చదివిన పిదప ఆ యభిప్రాయమును మార్చుకొంటిమి. మేము చూచిన వృత్తాంతములలో ముందుగ నిలిచినది సంఖ్యయే. కడపటి పూజకు సుమారు 15 లక్షల జనము కూడిరట! ఆ జనము ఏమి పొందిరో, ఏమి యడిగిరో తెలిసికొనగోరువాడు వెదకికొనవలసినదే.

ఈ యుత్సవము పుట్టుకను కొంచెము చెప్పవలసియున్నది. కథోలిక క్రైస్తవులు జరపిన పవిత్రవత్సరము ముగియు సమయమున, 1984 ఏప్రిల్ 22వ తేదీని, రెండవ జాన్ పాల్ పోపుగారు 3.8 మీటర్ల యెత్తుగల యొక కొయ్యసిలువను యువజనుల చేతికిచ్చి, దీనిని లోకమంతట మోసికొనిపొండని యాజ్ఞాపించిరి. మఱుసటి సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ యువజన సంవత్సరముగ ప్రకటించెను. ఆ 1985వ సంవత్సరాంతముననే ఈ దినోత్సవము స్థాపింపబడెను. నాటినుండి ఏటేట మేత్రాసనములయందును, కొన్నియేండ్ల కొకమారు ఒకానొక నగరమునందు సర్వదేశీయులతోను ఇది జరుగుచున్నది. 1987లో బ్యూనస్ ఎయిర్స్, 1989లో స్పెయిన్ దేశపు సాంతియాగో, 1991లో పోలండు దేశపు చెన్‌స్టొహోవా, 1995లో మనీలా, 2013లో రియో, 2019లో పనామా నగరము దీనికి స్థానములయ్యెను. ఆ కొయ్యసిలువయు దేశమునుండి దేశమునకు చేతులు మాఱుచు తిరుగుచునే యున్నది.

గుణదోషములను తూచుటకు ముందు తూనికఱాయిని నిర్ణయించుకొందము. తీర్థశబ్దము తరించుట, అనగా దాటుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. ఏటిలో నడచి యావలియొడ్డునకు చేరదగిన రేవునకు తీర్థమని పేరు. కాబట్టి తీర్థము జనులు వచ్చి నిలుచుచోటు కాదు. ఇవతలివాడు అవతలివాడగు చోటు. ఏ మతమువారి యాత్రనైనను ఈ యొక్క కొలతతో కొలువవచ్చునని మా విశ్వాసము.

ఈ కొలతతో చూచినను యువజనోత్సవమునందు మెచ్చదగిన విషయములు పెక్కులున్నవి. మహాసభకు ముందటి దినములలో యాత్రికులు ఆ దేశమందలి వేర్వేఱు మేత్రాసనములకు పోయి, భాషయైన తెలియని కుటుంబములయిండ్ల నతిథులై యుందురు. ఏ గృహిణియో తన బిడ్డల సరసన నొక పరదేశి బిడ్డను కూర్చుండబెట్టి, సైగలతోనే కొసరికొసరి వడ్డించును. నగరమున చోటుచాలనప్పుడు వీరు పాఠశాలల నేలలపై పండుకొందురు. కడపటి దినమునకు ముందు పడక మూటను వీపునబెట్టుకొని మైదానమునకు నడచిపోయి, ఆ రాత్రి జాగరణము చేయుదురు. అప్పుడు దివ్యసత్ప్రసాదము నెదుట లక్షలకొలది యువకులు మోకాళ్లపైనుండి మౌనము వహింతురు. నలువదిమంది బాలురను రెండు నిమిషములపాటు నిశ్శబ్దముగ కూర్చుండబెట్టలేని మావంటి యుపాధ్యాయులకు ఆ మౌనము చిన్న విషయముగ తోపదు. 1989లో బెర్లిన్ గోడ కూలెను. రెండేండ్లు గడవకముందే చెన్‌స్టొహోవాలో సోవియట్ రాజ్యమునుండి వచ్చిన యువకులును, పశ్చిమఐరోపా యువకులును ఒక్క మైదానమున ప్రార్థించిరి. రేవు దాటుట యనగా నిదియే గదా!

ఇక దోషములు. వీనిలో మొదటిది సంఖ్యావ్యామోహము. 1995లో మనీలా నగరపు పూజకు 40, 50 లక్షల జనము వచ్చిరని లెక్కవేసిరి. ఆ తరువాతి ప్రతి యుత్సవమును దానితో పోల్చి హెచ్చుతగ్గులు చెప్పుట వాడుకయయ్యెను. పరీక్షలో నుత్తీర్ణులైన వారి సంఖ్యనుబట్టి పాఠశాల గొప్పదనమును నిర్ణయించువారిని మే మెఱుగుదుము. ఆ లెక్కలో చదువుమానుకొన్న బాలుడు కనబడడు. అట్లే యీ లెక్కలోను విమానపు వెల పెట్టలేక, ప్రవేశపత్రము దొరకక యింటనే నిలిచిన బీదదేశపు యువకుడు కనబడడు. వారికై సహాయనిధి యొకటి కలదు, అది శ్లాఘనీయమే. కాని వచ్చినవారిని లెక్కించు శ్రద్ధలో సగమైనను రాలేనివారిని లెక్కించుటయందు చూపిరేని ఆ నిధి యెంత చిన్నదో తెలియగలదు.

రెండవది వ్యయము. లిస్బన్ నగరమున, పూర్వము చెత్తకుప్పయై యుండిన నదీతీరమున, కడపటి పూజకొఱకు వేదికను కట్టింప సంకల్పించిరి. దానికి పన్నుతో గూడ 50 లక్షల యూరోలు మించునని 2023 జనవరిలో బయల్పడగా ప్రజలు కోపించిరి. పిమ్మట వేదికను కురుచచేసి, వ్యయమును 30 లక్షలకు లోపుగ తగ్గించిరి. బోర్డాలో యను మాఱుపేరుగల వీథిచిత్రకారుడు 500 యూరోల నోట్ల బొమ్మలతో నొక పొడవైన తివాచి చేసి ఆ వేదిక మెట్లమీద పఱచెను. ఇది యపచారమని కొందఱనిరి. మాకట్లు తోపలేదు. ఆ నదీతీరము బాగుపడి పట్టణపు ప్రజలకు మిగులునని చెప్పిన సమాధానములో సత్యము లేకపోలేదు. అయినను ప్రజలు కోపించునంతవఱకు తగ్గింపదగిన వ్యయమని యెవరికిని తోపకపోవుటయే శోచనీయము. 2013లో రియో నగరమున జాగరణమునకై గురతీబా యనుచోట సిద్ధపఱచిన మైదానము వానకు బురదయై పనికిరాకపోయెను. కార్యక్రమమంతయు కోపకబానా సముద్రతీరమునకు మార్చిరి. ఇసుకమీద కూర్చుండి ప్రార్థించినందువలన యాత్రాఫలము తగ్గెనని యెవరును చెప్పలేదు. ఈ పాఠమును పదియేండ్లలో మఱచుట తగునా?

మూడవదోషము మిక్కిలి గురుతరమైనది. 2023 ఫిబ్రవరిలో, అనగా ఉత్సవమున కాఱు మాసములు ముందుగ, పోర్చుగల్ దేశపు స్వతంత్రవిచారణసంఘ మొకటి తన నివేదికను ప్రకటించెను. 1950 మొదలు ఆ దేశమున మతగురువులవలనను, దేవాలయోద్యోగులవలనను కనీసము 4,815 మంది బాలబాలికలు చెఱుపబడిరని ఆ సంఘమువా రంచనావేసిరి. ఫ్రాన్సిస్ పోపుగారు లిస్బన్ చేరిన దినముననే బాధితులలో 13 మందిని ఏకాంతమున కలిసికొని వారి దుఃఖమును వినిరి. గురువుల సాయంప్రార్థనలోను బాధితుల మొఱ నాలకింపవలెనని హెచ్చరించిరి. ఈ రెండును మెచ్చదగినవే. ఏకాంతమును గూర్చి మాకాక్షేపణ లేదు; బాధితుల మానమునకు అది రక్ష. అయినను, చెఱుపబడినవారు ఒకనాడు ఈ యాత్రికుల యీడువారే గదా! ఆ విషయము గురువుల సభతో ముగియదగినది కాదు. యువజనుల కార్యక్రమమునందే ప్రధానాంగమై యుండదగినది. మా బిడ్డలను మీ చేతికిచ్చుచున్నాము, మీరు వారి నెట్లు కాపాడుదురు అని యడుగు తల్లిదండ్రులకు జనసంఖ్య ప్రత్యుత్తరము కాజాలదు.

పై మూడు దోషములకును మూలమొక్కటియే. పెద్దలు యువజనులతో మాటలాడుట బాగుగ నేర్చిరి. వారి మాటను లెక్కకు తెచ్చుకొనుట యింకను నేర్వవలసియున్నది. 2018 అక్టోబరులో యువజనుల విషయమై రోమునగరమున పీఠాధిపతుల మహాసభ జరిగెను. దానికి యువతీయువకులను పిలిచిరి. వారు కూర్చుండిరి, మాటలాడిరి. కాని సమ్మతి తీసికొను ఘట్టమున వారికి ఓటులేదు. తమ జీవితములను గూర్చిన తీర్మానమునకు తాము సాక్షులు మాత్రమే యైరి! మన యిండ్లలో పెండ్లిమాటలు జరుగునప్పుడు ఆడపిల్లను పిలిచి కూర్చుండబెట్టి, తాంబూలములు మాత్రము పెద్దలు పుచ్చుకొనుట యిట్టిదే. కావున మేము పరులను నిందించునప్పుడు మా గడపనుగూడ చూచుకొనుచునే యున్నాము.

'ఇది భక్తుల యుత్సవము గాని విచారణసభ కాదు. నాలుగుదినములు సంతోషముగ పాడుకొనుటకు వచ్చిన పిల్లలయెదుట ఈ గొడవ యేల?' యని యొకరు మాతో వాదించిరి. సంతోషమును మేము కాదనము. కాని 2016లో క్రాకో నగరమున పోపుగారే యువజనులతో, మెత్తని సోఫామీద హాయిగ కూర్చుండుటయే సుఖమని భ్రమింపవలదని చెప్పిరి. ఆ మాట యువకులకు వర్తించునేని పెద్దలకును వర్తింపవలయును. అడుగదగిన ప్రశ్నలను పిల్లలకు దూరముగ నుంచుటయు ఒకవిధమగు సోఫాయే.

రాబోవు మహాసభ 2027 ఆగస్టు 3 మొదలు 8 వఱకు కొరియా దేశమున సోల్ నగరమున జరుగవలసియున్నది. ఈ స్థాననిర్ణయము మాకు మిక్కిలి సంతోషమును కలిగించినది. ఏలయన ఆ దేశమున కథోలికమతము మొదట గురువులు చెప్పగా వ్యాపింపలేదు. చీనాదేశమునుండి వచ్చిన గ్రంథములను అక్కడి పండితులు కొందఱు తమంతట చదివి, చర్చించి, సంశయించి, తుదకు ఈ సింగ్‌హున్ అను యువకుని పీకింగు నగరమునకు పంపిరి. 1784లో అతడు జ్ఞానస్నానము పొందివచ్చి తనవారికి నిచ్చెను. అప్పటి కాతనికి ముప్పదియేండ్లైన నిండలేదు. పరదేశపు గురువు అక్కడ కాలుమోపుటకు మఱి పదియేండ్లు పట్టెను. చదివి, ప్రశ్నించి నడచిన యువజనుల సంఘమే నేడాతిథ్యము నీయనున్నది. అక్కడనైన యువకులను వినువారిగనే కాక అడుగువారిగను, నిర్ణయించువారిగను కూర్చుండబెట్టుదురేని, ఆ యాత్ర తీర్థమను పేరునకు తగియుండును.

మన యింట నుండి యెవరైన నొక బిడ్డ ఏ మతపు యాత్రకో, ఏ సభకో పోయివచ్చినప్పుడు, చదువరులారా, జనమెంతమంది వచ్చిరని యడుగుట మానుదము. 'నాయనా, అక్కడ నిన్నెవరైన ప్రశ్నయడుగనిచ్చిరా? నీవేమి యడిగితివి?' అని యడిగి, వాడు చెప్పుదాక కూర్చుండి విందము.