కలికితురాయి – తలమానికము

ఒక కవికి పురస్కారము లభించెనా, మరునాటి పత్రికలో ‘ఆయన కీర్తికిరీటములో మరొక కలికితురాయి’ అను వాక్యము తప్పదు. వ్రాయువారు కలికి యనగా అందగత్తె యనియు, ఆమె సొగసు తురాయిలో నున్నదనియు భావింతురు కాబోలు. నేనును చాలకాల మట్లే అనుకొంటిని. కాని ఇచ్చటి కలికి మన కలికి కాదు. అది పారసీక హిందూస్థానీల ‘కల్గీ’. తలపాగపై నిలుచు ఈకల కుచ్చు. తురాయి అరబ్బీ ‘తుర్రా’కు రూపాంతరము, అదియు పాగా కుచ్చే. ఇంచుమించు ఒకే అర్థముగల రెండు మాటలు జంటగా వచ్చి తెలుగున నొక్కటైనవి. మొదటిది మనకు పరిచితమైన స్త్రీవాచకములో కలిసిపోయినది. మడగాస్కరునుండి వచ్చిన ఎఱ్ఱపూల చెట్టునకును మనవారు తురాయి యనియే పేరిడిరి. చూచినవారికి ఆ పోలిక చెప్పనక్కరలేదు. పాగాకు చెందిన కుచ్చును కిరీటమున కెక్కించుట మాత్రము పొసగదు.

చెవిని నమ్ముట యెంత ప్రమాదమో బస్తరు దక్షిణపు కొసకు పోయిన తెలియును. సుక్మా జిల్లాలో దోర్నపాలునుండి కోంటాకు పోవు మార్గమున ఎర్రబోరు అను ఊరున్నది. పేరు విన్నంతనే తెలుగువానికి ‘ఎర్ర’ స్ఫురించును. గోండియు తెలుగును ఒకే కుదురు భాషలు, అవి ఇరుగుపొరుగుగా మెలగు సీమ అది. ఆ వినికిడి యొక్కటే నిరుక్తికి చాలదు.

ఆ దక్షిణ బస్తరులోనే దండామి మాడియాలు నృత్యవేళ ధరించు శిరోభూషణ మున్నది. గ్రిగ్సను 1938లో మాడియాలపై పెద్ద గ్రంథమే ప్రకటించెను. అడవిదున్న కొమ్ములు, ముఖముపై వ్రేలాడు గవ్వల సరులు, ఈకల కుచ్చు, ఇవి దాని అంగములు. కుచ్చు తీసినను శిరోభూషణము నిలుచును. కొమ్ములు తీసిన నిలువదు.

కవి జీవితకృషికి తగినమాట తలమానికము. మాణిక్యమునకు తద్భవము మానికము. చూడామణి, శిరోమణి దీని సంస్కృతపు తోబుట్టువులు. ఇతరు లిచ్చునది తురాయి, తాను సాధించినది తలమానికము అని విభజించుకొన్నచో మన విమర్శకు కొంత మేలు.

గిడుగు రామమూర్తిగారిని చూడుడు. 1913లో ప్రభుత్వ మిచ్చిన రావుసాహెబు బిరుదము తురాయి. ఇక తలమానికమేది? వ్యావహారికోద్యమ మని ఎల్లరు నందురు. నేనట్లనను. ఉద్యమమున ఆయనకు గురజాడ వంటి సహచరులుండిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, తనది కాని, లిపిలేని సవర భాషను దశాబ్దములు సేవించి, 1931లో దాని వ్యాకరణమును, మరణమునకు రెండేండ్లు ముందు 1938లో నిఘంటువును వెలువరించుట వేరు. ఉద్యమమునుగూర్చి మనము వ్రాసినదానిలో పదవవంతైనను ఆ నిఘంటువునుగూర్చి వ్రాయలేదు.