ఆత్మఫలము: తెలుగు బైబిలు పదజాలంలో విశ్వాసం, గుణపరిణామం

దేవునిపై నమ్మకం మనిషి స్వభావాన్ని ఎలా మారుస్తుందో వివరించేటప్పుడు క్రైస్తవ ప్రసంగీకులు తరచు గలతీయులకు రాసిన పత్రిక ఐదవ అధ్యాయాన్ని ఆశ్రయిస్తారు. అక్కడ పౌలు తొమ్మిది గుణాలను పేర్కొని, వాటన్నిటినీ కలిపి 'ఆత్మఫలము' అన్నాడు. వాడుకలో మాత్రం అవి విశ్వాసి ఒక్కొక్కటిగా అలవరచుకోవలసిన నీతుల పట్టికగా మారిపోయాయి. ఈ పఠనం పత్రికలోని వాదానికే ఎదురు నిలుస్తుంది. దానికి కొంత చోటిచ్చింది తెలుగు అనువాద పదజాలమేనని ఈ వ్యాసం ప్రతిపాదన.

పత్రిక పుట్టిన సందర్భం వివాదం. క్రీ.శ. మొదటి శతాబ్దిలో, నేటి టర్కీ ప్రాంతంలోని సంఘాల్లో, యూదేతర విశ్వాసులు సున్నతి పొంది ధర్మశాస్త్రాన్ని ఆచరించాలా అన్న ప్రశ్న తలెత్తింది. విశ్వాసమే చాలునన్నాడు పౌలు. అలాగైతే నడవడిని దిద్దేదేమిటి? ఐదవ అధ్యాయం ఈ ప్రశ్నకు సమాధానం. గ్రీకు మూలంలో ధర్మశాస్త్రానికీ శరీరానికీ సంబంధించిన పనులను చెప్పే పదం ఒక్కటే: 'ఎర్గా'. ఆ బహువచనానికి ఎదురుగా 'కార్పోస్' అన్న ఏకవచనం నిలుస్తుంది. పనులు మనిషి చేసేవి, ఫలం కాసేది. ప్రచారంలో ఉన్న పాత తెలుగు అనువాదం ధర్మశాస్త్రం విషయంలో 'క్రియలు' అనీ, శరీరం విషయంలో 'కార్యములు' అనీ వేర్వేరు పదాలు వాడింది. ఫలాన్ని ఏకవచనంలోనే ఉంచినా, పౌలు కట్టిన ముడి తెలుగులో వీడిపోయింది.

'సాత్వికము', 'ఆశానిగ్రహము' అన్న అనువాదాలు మరింత చర్చనీయం. మొదటిది వినగానే తెలుగు పాఠకునికి త్రిగుణాలు స్ఫురిస్తాయి, రెండవది వినగానే ఇంద్రియనిగ్రహం. నిగ్రహమంటే అభ్యాసంతో సాధించేదని మన సంస్కారం. అయితే నేరం అనువాదకులదేనని అనలేం. 'ఎంక్రాటెయా' కూడా గ్రీకు నీతిశాస్త్రంలో మనిషి తన మీద తాను సాధించుకునే అదుపే. పౌలు ఆ పదాన్ని తీసుకుని, సాధనల వరుస నుంచి తప్పించి, ఫలం కింద చేర్చాడు. సాహసం ఆ చేర్పులో ఉంది. తెలుగులో పదం మిగిలింది గాని ఆ సాహసం వినిపించదు.

తెలుగు మూలానికి దీటుగా నిలిచిన చోటు 'విశ్వాసము'. గ్రీకు 'పిస్టిస్'కు నమ్మకమనీ, నమ్మదగినతనమనీ రెండర్థాలున్నాయి. అందుకే గుణాల వరుసలోని ఈ పదాన్ని ఇటీవలి ఆంగ్ల అనువాదాలు అనేకం రెండవ అర్థంలోనే తీసుకున్నాయి. తెలుగుకు ఆ ఎంపిక అవసరం కలగలేదు. దేవునియందు విశ్వాసం అంటాం. కుక్క విశ్వాసం గల జంతువనీ అంటాం. విశ్వాసఘాతుకమన్న మాటలో రెండర్థాలూ పెనవేసుకునే ఉన్నాయి. పత్రికలో మొదట నీతిమంతునిగా తీర్చబడడానికి మార్గంగా కనిపించిన విశ్వాసం, ఐదవ అధ్యాయంలో ఫలంగా తిరిగి కనిపిస్తుంది. నమ్మినవాడు క్రమంగా నమ్మదగినవాడవుతాడన్న పరిణామం తెలుగులో ఒక్క మాటలోనే వినిపిస్తుంది. తరగతిలో ఈ పదం వద్ద నేను ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఎక్కువసేపే ఆగిపోతాను.

ఈ పరిణామానికి కాలం పడుతుంది. మన సంఘాల్లో వినిపించే 'సాక్ష్యాలు' చాలావరకు ఒక రాత్రిలో మారిన మనిషి కథలు: నిన్న తాగుబోతు, నేడు సాధువు. వాటి నిజాయితీని శంకించనక్కరలేదు గాని, వాటి కథనక్రమం ఈ పత్రికది కాదు. మారుమనస్సుకు మూలమైన 'మెటానొయా' అన్న పదం గలతీ పత్రికలో ఒక్కసారీ రాదు. నాలుగవ అధ్యాయంలో పౌలు ప్రసవవేదన పడుతున్న తల్లితో తనను పోల్చుకుంటాడు. ఆ వేదన అవిశ్వాసుల కోసం కాదు. ఇదివరకే విశ్వసించినవారిలో క్రీస్తు స్వరూపం ఇంకా ఏర్పడలేదని, వారి కోసమే మళ్లీ పడుతున్న వేదన అది.