బొమ్మకెక్కని పని

పత్తి పనివాళ్ల పాత బొమ్మల్లో ఎక్కువగా కంటబడే వస్తువులు రెండు: దూదేకే విల్లు, నూలు వడికే రాట్నం. 18, 19 శతాబ్దాల్లో తంజావూరు చిత్రకారులు ఈస్ట్ ఇండియా కంపెనీ దొరల కోసం వృత్తులవాళ్ల జంటలను వరుసగా గీసి ఇచ్చారు. తిరుచిరాపల్లిలో ఇలాంటి బొమ్మలే అభ్రకం రేకుల మీదికెక్కాయి. ఆలుమగలు పక్కపక్కన నిలబడి ఉంటారు. చేతుల్లో పనిముట్లు ఉంటాయి. వెనక ఇల్లూ వాకిలీ తరచు ఉండనే ఉండవు. ఎవరిది ఏ పనో కొనేవాడికి చూడగానే తెలిసిపోవాలి. అందుకు మనిషంత పొడవున్న విల్లు, గుండ్రటి రాట్నం బాగా కలిసొచ్చాయి.

అయితే చేనులో కోసిన పత్తికీ విల్లుకీ మధ్య చాలా పని ఉంది. గింజ విడిపోవాలి, నలుసూ చెత్తా పోవాలి, చిక్కుపడ్డ పోగులు ఒక దారికి రావాలి. నూలు సన్నమా ముతకా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆ పనిని కూర్చుని, వంగి, గోరంత దూదితో చేస్తారు. దూరం నుంచి చూసేవాడికి అందులో గీయడానికేమీ కనిపించదు. అందుకే అది బొమ్మల్లోకి రావడం అరుదు.

వచ్చిన చోటు ఒకటుంది, అజంతా. 5వ శతాబ్దం నాటి అక్కడి గోడల మీద ఒక స్త్రీ వంగి, పలక మీద కడ్డీని దొర్లిస్తూ ఉంటుంది. ఆమె చేస్తున్నది పత్తిలోంచి గింజ తీయడమేనని జర్మన్ పండితుడు డీటర్ ష్లింగ్లోఫ్ 1970లలో గుర్తించాడు. కడ్డీ కింద పడిన గింజ జారి పక్కకు పోతుంది, దూది వెనక మిగులుతుంది. నలగ్గొట్టడం లేదు, పీకడం లేదు. పదిహేను వందల ఏళ్ల కిందటి ఆ చిత్రకారుడు ఎవరో గానీ, పని జరిగే చోట కూర్చుని చూసినవాడు.

ఆ బొమ్మలోని పని అర్థం కావాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లాలి. అక్కడి సన్న ఖద్దరుకు నూలు వడికే ఆడవాళ్లు ఇప్పటికీ చెక్క పలక మీద ఇనుప కడ్డీని దొర్లించే గింజ తీస్తారు. గింజ తీయడానికి ముందు వాళ్లు చేసే పని మాత్రం అజంతా గోడ మీద కూడా లేదు.

గింజ ఇంకా లోపల ఉండగానే ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. వాలుగ మంచినీటి చేప. దాని దవడ నిండా సన్నని పళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఎండిన దవడను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గింజను పట్టుకుని, దాని చుట్టూ ఉన్న దూదిని మెల్లగా దువ్వుతారు. గింజను అప్పుడే తీయకపోవడంలోనే ఉంది కిటుకంతా. తలను అంటిపెట్టుకున్న వెంట్రుకలను దువ్వినట్టుగా, పోగు ఒక కొస గింజను పట్టుకునే ఉంటుంది కాబట్టి దవడ లాగినా జారిపోదు. నలుసులూ పొట్టి పోగులూ పళ్లకు తగులుకుని వచ్చేస్తాయి, మిగిలినవి తిన్నగా సర్దుకుంటాయి. గింజను ముందే తీసేస్తే ఆ దూదిని పట్టుకోవడానికి ఆధారం ఉండదు.

ఆ తర్వాతే పలకా కడ్డీ. ఆపైన చిన్న వింటి నారిని మీటుతూ దూదిని పొంగిస్తారు. పొంగిన దూదిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి దొన్నెలో పెట్టుకుంటారు. ఏకు నలగకుండా, చేతి చెమట అంటకుండా, అందులోంచి కొద్దికొద్దిగా లాగుతూ రాట్నం మీద ఒకే కదురుతో వడుకుతారు. ఇన్ని పనులూ ఒక మనిషి చేతి మీదుగా, ఒక ఇంట్లోనే జరుగుతాయి.

అలా వచ్చే నూలు 100 కౌంటు, అంతకు మించి కూడా ఉంటుంది. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే కౌంటు. 100 కౌంటు నూలంటే పౌనుకు 84 వేల గజాలు, గ్రాముకు దాదాపు 170 మీటర్లు. దీనికి వాడేది పొడుగు పోగున్న విదేశీ రకం కాదు, ఆ చుట్టుపక్కల పండే కొండపత్తి, పునాస పత్తి, సహజంగానే లేత గోధుమ రంగున్న ఎర్రపత్తి. పొట్టి పోగుతో ఇంత సన్నని నూలు తీయడం చాలావరకు ఆ దువ్వడం వల్లనే సాధ్యమైంది.

ఈ దవడ ఒక్క పొందూరుదే అనుకోవడం పొరపాటు. ఢాకాలో ఈస్ట్ ఇండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన జేమ్స్ టేలర్ 19వ శతాబ్దం నడుమ అక్కడి మస్లిన్ తయారీని ఓపిగ్గా రాసిపెట్టాడు. మేలురకం నూలు కోసం గింజపత్తిని బోయాలి చేప దవడతో దువ్వేవారని, పలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీసేవారని అందులో ఉంది. బెంగాలీల బోయాలి మన వాలుగే. గోదావరి చేప, పద్మానది చేప ఒకటే. వందల మైళ్ల దూరాన రెండు చోట్ల ఆడవాళ్లు ఒకే పనికి ఒకే దవడను ఎంచుకున్నారు. ఒకరి నుంచి ఒకరికి వచ్చిందో, ఎవరికి వారే కనిపెట్టారో గానీ, రెండు చోట్లా ఆ చేతుల తెలివి ఒకటే. ఢాకా పాత మస్లిన్ పని వలసపాలనలో చితికిపోయింది. పొందూరులో పని ఇంకా సాగుతోంది కాబట్టి టేలర్ రాసిన వాక్యాన్ని ఈరోజు కళ్లతో చూసి సరిపోల్చుకోవచ్చు.

ఇరవయ్యో శతాబ్దానికి కెమెరా వచ్చింది. నూలుకు సంబంధించి ప్రపంచమంతా ఎరిగిన ఫోటో 1946లో మార్గరెట్ బర్క్ వైట్ పుణేలో తీసినది. ముందు రాట్నం, దాని వెనక నేల మీద కూర్చుని చదువుకుంటున్న గాంధీజీ. ఫోటో తీయాలంటే ముందు రాట్నం తిప్పడం నేర్చుకోవాలని అక్కడివాళ్లు ఆమెకు షరతు పెట్టారు. ఆ షరతు ఎంతో సబబైనదని చెప్పాలి. పని తెలియని కంటికి పనిముట్టు మాత్రమే కనిపిస్తుంది. ఎంత గొప్ప ఫోటో అయినా, అందులోనూ ఉన్నది రాట్నమే. ఆ రాట్నం దాకా దూది ఎలా వచ్చిందో ఖాదీ ఉద్యమపు ప్రసిద్ధ ఛాయాచిత్రాల్లో కనిపించడం అరుదు. పొందూరు నూలు సన్నదనం సంగతి గాంధీజీకి తెలుసు, దాని గురించి తన పత్రిక యంగ్ ఇండియాలో రాశారు కూడా.

బొమ్మల్లో లేని ఈ మధ్య పనిని యంత్రం తనదైన పద్ధతిలో పూర్తి చేసింది. ఎలీ విట్నీ 1793లో అమెరికాలో చేసిన జిన్ను, అంటే గింజ తీసే యంత్రం, తీగ పళ్లతో దూదిని గింజ మీంచి లాగేస్తుంది. వేగం అపారం, పోగు మాత్రం దెబ్బతింటుంది. తర్వాత దూర ప్రయాణం కోసం దూదిని బేళ్లుగా బిగగొట్టడం, మిల్లులో ఆ బేళ్లను మళ్లీ విప్పి చెదరగొట్టడం. మెత్తగా పుట్టిన దూదిని ముందు రాయిలా చేసి, ఆనక దూదిగా మార్చే ఈ దండగ పని గురించి చేనేత కార్యకర్త ఉజ్రమ్మ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. బేళ్లు కట్టకుండా, పత్తి పండే చోటికి దగ్గర్లోనే చిన్న యూనిట్లలో నూలు తీసి చేనేతకు అందించాలన్నది తెలుగు నేల మీద మొదలైన మల్ఖా ప్రయత్నం. మీనా మీనన్‌తో కలిసి ఆమె రాసిన ‘ఎ ఫ్రేయ్డ్ హిస్టరీ’ 2017లో వచ్చింది. మన పత్తి చరిత్ర తెలుసుకోవాలనుకునేవారు తప్పక చదవాల్సిన పుస్తకం అది.

పొందూరులో ఈ పనికి అండగా 1949 నుంచి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. వడికే ఆడవాళ్లు ఎక్కువగా పట్టుసాలీలు, చాలామంది వయసు మీదపడ్డవారు. వాళ్ల కూలి చిలపల లెక్కన వస్తుంది. చిలప రాట్నం దగ్గర తయారయ్యేది కాబట్టి, లెక్క కూడా రాట్నం దగ్గరే మొదలవుతుంది. దవడతో దువ్విన గంటలు, కడ్డీ దొర్లించిన గంటలు, వింటి దగ్గర గడిచిన గంటలు ఆ చిలప ధరలోనే ఇమిడిపోవాలి. పాత చిత్రకారుడు వదిలేసిన పనినే కూలి పట్టీ కూడా విడిగా గుర్తించడం లేదు. ఆడపిల్లలు ఈ పనిలోకి రాకపోవడానికి కారణం ఓపిక లేకపోవడం కాదు, ఓపికకు తగ్గ డబ్బు లేకపోవడం. దువ్వడానికీ, గింజ తీయడానికీ, ఏకడానికీ వేర్వేరుగా ఎంత సమయం పడుతుందో ఆ ఇళ్లలోనే కొలిచి, ఒక్కో దశను దగ్గర నుంచి చిత్రీకరించి, ఆ లెక్కతో చిలప ధర కట్టడం సంఘాలకూ ప్రభుత్వానికీ అసాధ్యమైన పనేమీ కాదు. ఆ ధర పెరగనిదే పొందూరు ఇళ్లలో రాట్నం పక్కన కొత్త చేతులు కూర్చోవు.