బకాసురుడి బండి

వచ్చే శుక్రవారం మా వెంకటగిరికోట గ్రంథాలయానికి వారపు సెలవు. పండగ మొదలయ్యేదీ ఆ రోజే. శాఖా గ్రంథాలయాలకు సెలవు శుక్రవారం. గ్రంథాలయ వారోత్సవాలకు ముహూర్తం ఏటా నవంబరు 14. ఈ ఏడు, 2025లో, రెండూ ఒకే రోజున వచ్చి కూర్చున్నాయి. సెలవు నాడు తాళం తీసి, రిబ్బను కట్టి, దాన్ని మళ్లీ మనమే కత్తిరించాలన్న మాట. ఈ సంగతి చెబితే, రోజూ ఎనిమిదింటికల్లా గడప దగ్గర కాచుకునే పెద్దాయన ఒక్కటే అడిగాడు: "అయితే ఆ పొద్దు పేపర్లు గూడా ఉంటాయా సారూ?"

ఈ వారానికి నన్ను పిలిచినా పోతాను, పిలవకపోయినా పోతాను. బడిలో ఉన్నన్నాళ్లు పిల్లల్ని వరసగా నడిపించుకుని పోయేవాణ్ణి. రిటైరయ్యాక ఒంటిగా పోయి ఏదో ఒక పని నెత్తిన వేసుకుంటున్నాను. ఏ ఊళ్లో చూసినా కార్యక్రమాల వరస పెద్దగా మారదు. మొదటిరోజు నెహ్రూ పటానికి దండ, పిల్లలకు చాక్లెట్లు. ఆ తర్వాత పుస్తక ప్రదర్శన. ఒక రోజు గ్రంథాలయోద్యమ పెద్దల స్మరణ, ఒక రోజు కవి సమ్మేళనం. 19న ఇందిరాగాంధీ జయంతి కాబట్టి మహిళల దినం, ముగ్గుల పోటీ. 20న బహుమతులు, వందన సమర్పణ. మధ్యలో వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్. మా పక్క ఆ వారంలో చలి అప్పుడే మొదలవుతుంది, ముసురు పట్టడమూ మామూలే. షామియానా వేసినా తడుస్తాం, వేయకపోయినా తడుస్తాం.

ఈ వారం ఎందుకు జరుపుతామని పిల్లల్ని అడిగితే నెహ్రూ పుట్టినరోజని చెబుతారు. ఆ తేదీకి ఇంకో పుట్టుక ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ మొదటిసారి కూడింది. బరోడా సంస్థానంలో గ్రంథాలయాల బాధ్యత చూసే కుదాల్కర్ దానికి అధ్యక్షుడు. దాన్ని కూడగట్టడానికి కాళ్లరిగేలా తిరిగిన మనిషి మన అయ్యంకి వెంకటరమణయ్య. అంతకు ఐదేళ్ల ముందు, 1914 ఏప్రిల్ 10న, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపించింది కూడా ఆయనే. అప్పుడు మన చిత్తూరు జిల్లా వయసు మూడేళ్లు. ఈ మాట ప్రతి ఏడూ మైకులో చెబుతాను. ప్రతి ఏడూ పిల్లలు చాక్లెట్ కాగితాలు విప్పుతూనే ఉంటారు. వాళ్లను తప్పుపట్టను. చెప్పేవాడి గొంతులో పస లేకపోతే వినేవాడి చేతికి ఏదో ఒక పని కావాలి.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. చాలా ఏళ్లు వక్తృత్వ పోటీకి నేనే న్యాయనిర్ణేతను. ఒక ఏడు, ఏడో తరగతి పిల్లవాడు పుస్తకం మంచి నేస్తమని మొదలుపెట్టి రెండు నిమిషాలు గడగడా అప్పజెప్పాడు. మూడో నిమిషంలో ఆగాడు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, సరిగ్గా అదే చోట ఆగాడు. నేను తలెత్తకుండా పదికి మూడు వేశాను. మర్నాడు ప్రదర్శనకు వాడి తరగతంతా వచ్చింది, వాడు రాలేదు. ఆ ఏడంతా రాలేదు. మార్కెట్లో వాళ్ల నాయనతో కలిసి బీన్సు మూటలు దించుతూ ఒకసారి కనబడ్డాడు. నన్ను చూసి మూటల వెనక్కు పోయాడు. పుస్తకం నేస్తమని చెప్పడానికి వచ్చినవాణ్ణి పుస్తకాల గడప తొక్కనీకుండా చేసింది నా మూడు మార్కులు. ముప్ఫై మంది పోటీకొస్తే ముగ్గురికి బహుమతి. తక్కిన ఇరవై ఏడుమందికి గ్రంథాలయమంటే ఓడిపోయిన చోటు. ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత నేను మార్కుల కాగితం ముట్టలేదు. చదివి వినిపిస్తానన్నాను. అదేమంత పని అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు పాఠం చదివినవాణ్ణి కదా! అది ఎంత పనో ఈ ఏడు వేసవిలో తెలిసింది.

బడులకు సెలవులిచ్చాక గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు పెడతారు. బొమ్మలు గీయడం, చదరంగం, కథలు. ఉదయం పూట ఒక గంట నాకిచ్చారు. కుర్చీలు చాలక కొందరు బోర్లించిన టమాటా బాక్సుల మీద కూర్చున్నారు. నేను తెచ్చింది బొమ్మల పుస్తకం. గొడుగు పట్టుకుని సంతకు పోయే ఏనుగు కథ. ఏనుగు అన్నానో లేదో ఒకడు లేచాడు.

"ఎన్ని సారూ?"

"ఒక్కటేరా."

"ఒంటిదా! అయితే మొగది. ఒంటిది చానా డేంజర్ సారూ."

నేను పేజీ తిప్పి బొమ్మ చూపించాను. నవ్వుతున్న ఏనుగు, ఎర్ర గొడుగు. వెనక వరసలోని ఆడపిల్ల బొమ్మను ఎగాదిగా చూసింది. "మా తోటలోకి వచ్చిన్నాడు డ్రిప్పు పైపులన్నీ పెరికేసింది. టమాటాలు తినింది తక్కువ, తొక్కింది ఎక్కువ. మా నాయన, చిన్నాయన తెల్లార్లూ టపాసులు కాల్చినారు" అంది. ఇంకొకడు కుంకీల సంగతి ఎత్తాడు. ఆ మే నెలలోనే కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను మనకిచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరానికి చేర్చారు. వాటి పేర్లు వాడికి కంఠతా వచ్చు: రంజన్, దేవ, కృష్ణ, అభిమన్యు. తోటల మీద పడే ఏనుగులను అడవిలోకి మళ్లించడానికి ఈ మచ్చికైన ఏనుగులను వాడతారని నాకే వివరించాడు. పన్నెండు పేజీల పుస్తకంలో నేను మూడో పేజీ దాటలేదు. గంట అయిపోయింది.

పుస్తకం మూసి పక్కన పెట్టడమే ఆ రోజు నేను చేసిన మంచి పని. బోర్డు మీద ఏనుగు అని రాస్తే, ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల యానై అని, కన్నడం పిల్లవాడు ఆనె అని, ఉర్దూ పిల్లవాడు హాథీ అని చేర్చారు. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న ఊరు ఇది. ఇటు కుప్పం, అటు కోలారు గోల్డ్‌ఫీల్డ్స్, ఇంకోవైపు ఘాటు దిగితే పేర్ణాంబట్టు. బడిలో అందరిదీ తెలుగే. ఇంటికి పోతే నాలుగు దారులు. మర్నాడు ఆ ఆడపిల్ల వాళ్ల అవ్వను తోడుకొని వచ్చింది. ఆమె బాక్సు మీద కూర్చోనంది, నేలమీదే చతికిలబడింది. "నేను కాపరానికొచ్చినప్పుడు ఏనుగును గుళ్లో చూసినా గానీ చేన్లో చూళ్లేదు నాయనా" అని మొదలుపెట్టింది. నిజమే. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు ఇటు దిగడం 1980లలో మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా ఉండే సంగతిని ఆమె రెండు గంటలు చెప్పింది. ఒక్క చాక్లెట్ కాగితం చప్పుడు కాలేదు.

చదివి వినిపించడం గురించి నాకు తెలిసింది కొంచెమే. ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకోకుండా పిల్లల ముందు పుస్తకం విప్పకూడదు. పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకోకూడదు, పక్కకు పట్టుకోవాలి. బొమ్మ వాళ్లకు, అక్షరం మనకు కనబడాలి. కథ నడిచేచోట పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదువుతాను. మనుషులు మాట్లాడేచోట మాత్రం "వెళ్తున్నాను" అని ఉంటే "పోతా ఉండా" అంటాను. దీనికి నన్ను తిట్టిన మిత్రులున్నారు. పిల్లలు పుస్తక భాష ఎప్పుడు నేర్చుకుంటారని వాళ్ల వాదన. పుస్తకంలో తమ మాట వినబడితే మిగతాది వాళ్లే నేర్చుకుంటారని నాది. అన్నిటికంటే కష్టమైనది, పిల్లవాడు అడ్డం తగిలినప్పుడు ఊరకుండడం. మాస్టరు పని చేసినవాడికి ఇది చేత కాదు.

రాసినదాన్ని ముందు చెవికి వినిపించడం మనకు కొత్త కూడా కాదు. 1919లోనే, మద్రాసు సభకు కొన్ని నెలల ముందు, మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అతిథిగా ఉన్న టాగూరు అక్కడి విద్యార్థులకు జనగణమన పాడి వినిపించాడు. ఇంగ్లీషులోకి రాసిచ్చింది ఆ తర్వాతే. ముందు గొంతు, వెనక కాగితం.

అసలు మన జిల్లాలో పుస్తకానికి ఒక పండగ గ్రంథాలయాలు పుట్టకముందు నుంచీ ఉంది. భారతం. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. పగలు విన్న కథ రాత్రి వేషం కట్టుకొని ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు కింద నిలబడ్డవాళ్లకు మెడలు పట్టేస్తాయి. చివరిరోజు మిట్ట మీద మట్టితో చేసిన దుర్యోధనుడు ఊరంత పొడుగున పడుకుని ఉంటాడు, సాయంత్రానికి నిప్పుల గుండం. పక్క తమిళ ఊళ్లలోనూ ఇదే కథ, తెరుక్కూత్తు రూపంలో. చదువురాని ముసలమ్మ కూడా ఈ పద్దెనిమిది రోజుల్లో పద్దెనిమిది పర్వాలు దాటిపోతుంది.

నాకు చిన్నప్పటినుంచీ ఇష్టమైంది బకాసుర వధ. భీముడి వేషగాడు ఎద్దులబండి మీద కూర్చుని వీధి వీధీ తిరుగుతాడు. ఇంటింటి నుంచీ అన్నం, పిండివంటలు బండికెక్కుతాయి. భీముడు వాటిని తింటూ పోతుంటాడు, పిల్లలు బండి వెంట పరిగెత్తుతుంటారు. ఆ రోజు ఫస్టు ఎవరు, సెకండు ఎవరు? అన్నం పెట్టినామెకు ఒక పని, ఎద్దుల్ని తోలినవాడికి ఒక పని, అరిచే పిల్లలకు అరవడం పని. నేను పదికి మూడు వేయడానికి అక్కడ చోటే లేదు.

గ్రంథాలయానికి ఇంకో కాలం కూడా ఉంది, అది ఏ పంచాంగంలోనూ కనబడదు. నోటిఫికేషన్ల కాలం. ఈ ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులకు డీఎస్సీ ప్రకటన పడిన దగ్గర్నుంచి జూన్ పరీక్షల దాకా చదువుకునే బల్లల దగ్గర సందు లేదు. టిఫిను డబ్బాలు, ఎర్ర గీతలు గీసిన గైడ్లు, చంకలో పసిబిడ్డతో ఒకామె. రిబ్బను లేదు, మైకు లేదు. గ్రంథాలయం నిజంగా నిండేది అప్పుడే. వాళ్ల కోసం పిల్లల గంటను వరండాలోకి మార్చుకున్నాం. ఏనుగు కథ అంత గట్టిగా సాగడానికి అది కూడా ఒక కారణం.

ఈ ఏడు వారోత్సవాలకు లైబ్రేరియన్ మేడం నన్ను ఏం చేస్తారని అడిగితే, బకాసురుణ్ణి మూడు సాయంత్రాలు చదువుతానన్నాను. మొదటి రెండు సాయంత్రాలు లోపల. మూడోది బయట, బండి మీద. ఎద్దులబండి ఇప్పుడు దొరకదు, తోపుడుబండి మాట్లాడాం. దాని మీద అన్నానికి బదులు పుస్తకాలు. మార్కెట్టు దాకా పోయి, మూటలు దించేవాళ్లు, బాక్సులు సర్దేవాళ్లు ఉన్న చోట ఆపి, మిగిలిన కథ అక్కడ చదవాలి. ఆలోచన నా సొంతం కాదు. 1931లోనే మన్నార్‌గుడి ప్రాంతంలో పుస్తకాలు ఎద్దుబండి ఎక్కి పల్లెలకు పోయాయి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో, కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య, పడవ మీద గ్రంథాలయం నడిపాడు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మార్కెట్లో మూట దించేవాడూ అది కట్టినవాడే, ఈ గడప ఎప్పుడూ ఎక్కకపోయినా. వాడి పుస్తకం వాడి దగ్గరికి తీసుకుపోతున్నాం, అంతే.

మేడంకు ఒక చిక్కు వచ్చింది. చదివే గదిలోకి తినుబండారాలు తేకూడదని గోడమీద రాసి ఉంది, బకాసురుడి కథేమో మొత్తం తిండి. బండి బయటే కదా ఉంటుందని తనే సమాధానపడింది. పిల్లల్లో ఇంకో తగాదా. భీముడి వేషానికి ఒక్కడూ ముందుకు రాలేదు, బకాసురుడికి మాత్రం తొమ్మిది మంది. అభిమన్యుణ్ణి కూడా కథలోకి తేవాలని కుంకీల పిల్లవాడి పట్టు. వాడు ఇంకా పుట్టలేదురా అంటే, ముసలిమడుగులో ఉన్నాడు కదా సారూ అంటాడు.

మొన్న పేపర్ల సంగతి పెద్దాయనకు ఖాయం చేసి బయటికి వస్తుంటే, ఏనుగుల అవ్వ బజార్లో ఎదురైంది. మనవరాలు అంతా చెప్పేసినట్టుంది. మూడో రోజు బండి మీదికి రాగిసంగటి, చెనక్కాయల చట్నీ తానే తెస్తానంది. వద్దవ్వా, బండి మీద ఉత్త పుస్తకాలే అన్నాను. ఆమె నా మాట విన్నట్టే లేదు.

"ఎంతమంది పిల్లోళ్లు వస్తారు నాయనా? ఆ బకాసురుణ్ణి గూడా కలుపుకొని చెప్పు."