తోడు వచ్చినవాని యెదుట

ఈ వారము మా జిల్లాలోని యొక ఆసుపత్రిలో, మానసిక వైద్యుని గదిలో, మిత్రునికి తోడుగా వంతుకై నిలిచియుంటిని. సుగాలీ తండానుండి వచ్చిన వృద్ధురా లొకతె, కొంగు నోటి కడ్డము పెట్టుకొని, తన గోర్‌బోలీలో చాలసేపు చెప్పుకొనగా, ప్రక్కనున్న కుమారుడు దాని నంతయు "నిద్ర పట్టదంట సార్" అని ముగించెను. వైద్యుడును ఓపీ చీటీపై మాత్రలు వ్రాసెను. నాకు పట్టరాని కోపము వచ్చినది. (ఆమె యెవరో తెలియకుండుటకై గుర్తులు మార్చితిని.)

ఈ శీర్షిక చదువువారు నా చిరకాలపు పట్టుదల నెరుగుదురు: తండాలోనే పుట్టిపెరిగినవారిని ప్రతి పెద్దాసుపత్రిలోను దుబాసీలుగా నియమింపవలె నని. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 22వ సెక్షనులో, తన వ్యాధిని గూర్చియు చికిత్సను గూర్చియు తనకు తెలియు భాషలో వినుటకు రోగికి హక్కు నిచ్చినది. అది వైద్యుని మాట రోగికి చేరుటను గూర్చినదే కాని, రోగి మాట వైద్యునికి చేరుటను గూర్చినది కాదు. పరభాషా రోగి యవస్థ మనకు క్రొత్త కాదు. భాష వేరైన బెంగళూరులోని నిమ్హాన్సు మానసిక వైద్యశాలకు, హిందూపురముమీదుగా రైలులో, మన పల్లెవా రెందరో పోవుచున్నారు. పూర్వము మా పెద్దమ్మను నేనును అచటికే తీసికొనిపోతిని. నెలల తరబడి నోరు విప్పని యామె, అచటి వైద్యు డొకరు మన సీమ యాసతో "ఏమమ్మా, అన్నం తింటివా?" అని పలుకరించుటతోడనే భోరున నేడ్చి, మాటలాడ మొదలిడినది. నా పట్టుదలకు మూల మదియే.

అయితే ఆ కుమారుడు మందులకై బయటికి పోయినంతనే, వృద్ధురాలు సంతలో నేర్చిన తెలుగుతో, "బతకబుద్ధి కాలేదు సారూ. మావానికి సెప్పొద్దు" అనెను. వైద్యుడు కలము దించి, కుర్చీ ఆమెవైపు జరుపుకొనెను.

చెనిక్కాయ పంట పోయిన యేడు పడుచువారు వలసపోగా ఆ తండాలో మిగిలిన కొలది గడపలలో, ఆమె భాష తెలిసినవారందరు నామెకు చుట్టములే. 2022లో వచ్చిన టెలి మానస్ అను మానసిక సహాయపు సంఖ్య 14416కు ఫోను చేయుద మన్నను, ఆ ఫోనును కొడుకు జేబులోనే యుండును. ఆమెకు సరిగా రాని తెలుగే చాటయినది. నేను కోరిన తండా దుబాసీ యెదుటను ఆమె నిద్రను గూర్చియే చెప్పియుండును. కావున దుబాసీ వేరొక మండలమునుండి రావలెను, స్త్రీలకు స్త్రీయే కావలెను, జీతము పుచ్చుకొని రహస్యమునకు మాట యిచ్చినదై యుండవలెను. అంతకు ముందుగా, ఆ గదిలో ఊరక నిలిచి యామె మాట విన్న మమ్మందరిని బయటికి పంపి తలుపు వేయవలెను.