తీర్పు కోసం వచ్చేవాళ్లు

కౌన్సెలింగ్‌కు వచ్చే భార్యాభర్తల్లో ఎక్కువమంది మొదటిరోజే నన్ను జడ్జి కుర్చీలో కూర్చోబెడతారు. ఆవిడ ఫోన్ తీసి వాట్సాప్ మెసేజ్‌లు చూపిస్తుంది. ఆయన "మేడమ్, మీరే చెప్పండి, ఇందులో నా తప్పేముంది?" అంటాడు. వాళ్లననడానికేమీ లేదు. కాపురంలో గొడవ ముదిరితే ఇరువైపుల పెద్దలూ కూర్చుని, ఇద్దరి వాదనా విని, "నువ్వు కాస్త తగ్గు, నువ్వు కాస్త సర్దుకో" అని పంపించడం మన ఇళ్లల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ పంచాయితీలన్నీ వృథా అని నేననను. డబ్బు లెక్కలు, అత్తమామలతో ఉండాలా వేరుపడాలా, పిల్లల చదువు ఎక్కడ - ఇలాంటివి పెద్దలు తేల్చగలరు. తేల్చిన గొడవ నెల తిరక్కుండానే మళ్లీ ఎందుకు రాజుకుంటోందో మాత్రం వాళ్లకు అంతుపట్టదు. నా పని అక్కడ మొదలవుతుంది.

ఒక జంట సంగతి చెప్తాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఎంతోమంది దగ్గర విన్నవి కలిపి అల్లింది. భర్త ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. తలుపు తీస్తూనే భార్య "గుర్తుందా ఇల్లు?" అంటుంది. ఆయన బదులు చెప్పడు. బ్యాగ్ పక్కన పడేసి టీవీ ముందు కూర్చుంటాడు. ఆవిడ గొంతు పెంచుతుంది. ఆయన లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. రెండు మూడు రోజులు మాటలుండవు. పిల్లాడి స్కూల్ ఫీజు కోసమో గ్యాస్ బుకింగ్ కోసమో మళ్లీ మాట కలుస్తుంది. ఇంకో రాత్రి అదే తంతు. ఆయనది బండ మనసని ఆవిడ అంటుంది, ఆవిడ నోటికి భయపడే లేటుగా వస్తున్నానని ఆయన అంటాడు. ఎవరు మొదలుపెట్టారంటే ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి.

1980లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ ఇలాంటి జంటల సెషన్ల టేపులు మళ్లీ మళ్లీ చూసి 'ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ' అనే పద్ధతికి రూపమిచ్చారు. భార్యా భర్తా కాదు, వాళ్లిద్దర్నీ తిప్పుతున్న ఆ తంతే అసలు సమస్య అన్నది ఆ పద్ధతికి పునాది. 2024లో కన్నుమూసిన జాన్సన్ ఇందుకు ఆధారంగా పట్టుకున్నది, దగ్గరి మనిషి ఆసరా బిడ్డకు పుట్టుకతోనే అవసరమనే జాన్ బౌల్బీ అటాచ్‌మెంట్ సిద్ధాంతాన్ని.

బౌల్బీ 1907లో పుట్టిన బ్రిటిష్ సైకియాట్రిస్టు. ఆయన్ను పెంచిన ఆయా, ఆయనకు నాలుగేళ్ల వయసులో ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. అమ్మను పోగొట్టుకున్నంత బాధ అనుభవించానని పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆయన పరిశోధన చేస్తున్న రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే తల్లిదండ్రుల్ని సరిగా రానిచ్చేవాళ్లు కాదు. ఆ పిల్లల్ని గమనించిన బౌల్బీ, ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ మూడు దశలు గుర్తించారు. బిడ్డ మొదట గుక్కపట్టి ఏడ్చి, అరిచి అమ్మ కోసం పోరాడుతుంది. తర్వాత నీరసించి దిగులుపడుతుంది. చివరికి ఏమీ పట్టనట్టు ఉంటుంది. ఈ మూడో దశ చూసి నర్సులు "అలవాటుపడింది, మంచిపిల్ల" అనేవాళ్లు.

తొమ్మిది గంటలకు తలుపు దగ్గర వినిపించే "గుర్తుందా ఇల్లు?" నా చెవికి ఆ మొదటి దశ ఏడుపులాగే వినిపిస్తుంది. మాట నిష్ఠూరంగా ఉన్నా, లోపలున్నది పిలుపే. ఇక ఆయన మౌనం మాటేమిటి? 1977లో ఎలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్ అనే పరిశోధకులు, అమ్మ గది దాటి వెళ్లినా పెద్దగా ఏడవని, తిరిగొచ్చినప్పుడు మొహం తిప్పుకునే పిల్లల గుండెవేగాన్ని కొలిచిన ఫలితాలు ప్రచురించారు. బొమ్మలతో ఆడుకుంటున్నట్టు కనిపించిన ఆ పిల్లల గుండె కూడా వేగంగానే కొట్టుకుంది. "ఈయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు" అని ఏ భార్య అన్నా నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది. తలుపేసుకున్న మనిషి లోపల హాయిగా ఉన్నాడని అనుకోవడానికి లేదు.

ఇంతా తెలిసినంత మాత్రాన గదిలో పని జరగదు. ఈ వృత్తిలో కష్టమంతా వేగం తగ్గించడంలో ఉంది. ఆవిడ ఫిర్యాదుల చిట్టా చదువుతుంటే నేను ఒక్కచోట ఆపుతాను. "తొమ్మిదింటికి తలుపు చప్పుడు వినిపించే ముందు, ఆ గంటసేపు మీకెలా ఉంటుంది?" "ఎలా ఉంటుంది మేడమ్, ఒళ్లు మండిపోతుంటుంది." "ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?" చెయ్యి గొంతు కిందికి వెళ్తుంది. "ఇక్కడ పట్టేసినట్టు." నేనేమీ అనను. కాసేపటికి గొంతు మారుతుంది. "నేను లేకపోయినా ఈయనకు తేడా తెలీదేమో అనిపిస్తుంది."

అప్పుడు నేనడిగేది ఒక్కటే: "ఈ మాట నాతో కాకుండా ఆయన వైపు తిరిగి చెప్పగలరా?" తేలిక కాదు. పదేళ్లుగా ఒకరినొకరు తిట్టుకోగలిగిన మనుషులకు ఈ ఒక్క వాక్యం నోట రావడం గగనమవుతుంది. వచ్చినరోజు ఆయనా మాట్లాడతాడు. "నేనేం చెప్పినా ఇంకా చెడిపోతుందని భయం. ఆఫీసులో ఎలాగో నెట్టుకొస్తాను. ఇంటికొస్తే మాత్రం ఫెయిలయినట్టే ఉంటుంది." ఆయన భయపడుతున్నాడన్న సంగతి ఆవిడకు అదే మొదటిసారి తెలియడం.

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలకు నేను ముందు చెప్పేది సలహా ఇవ్వాలన్న ఆత్రం తగ్గించుకోమని. అవతలి మనిషి కళ్లల్లో నీళ్లు తిరగ్గానే మనకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందిని వదిలించుకోవడానికే చాలాసార్లు సలహా ఇస్తాం. టిష్యూ డబ్బా ముందుకు తొయ్యడం కూడా ఒక్కోసారి "ఇక ఆపండి" అనడమే. చావు ఇంట్లో ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని శోకాలు పెట్టడం మనకు తెలుసు. అక్కడ ఎవరూ ఎవరికీ పరిష్కారం చెప్పరు. అదే ఇంట్లో వాకిట్లో నిలబడ్డ మగపిల్లాడి భుజం తట్టి "ధైర్యంగా ఉండాలిరా" అంటాం. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లాడే తలుపేసుకునే భర్తగా మా దగ్గరికొస్తాడు.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. "మా ఆయన అవాయిడెంట్ మేడమ్, రీల్‌లో చూశాను" అంటున్నారు. తిరిగొచ్చిన అమ్మను చూసి మొహం తిప్పుకున్న ఆ పిల్లలకు పరిశోధకులు పెట్టిన పేరది. మనుషుల్ని అర్థం చేసుకోవడానికి పుట్టిన మాటలు తిట్లయిపోతున్నాయి. ఇంకొందరు ఈ సిద్ధాంతం వినగానే అమ్మ మీద పడతారు. కానీ ఇదే సిద్ధాంతం మీద పనిచేసిన పరిశోధకురాలు మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఉగాండాలో ఇంటింటికీ తిరిగి తల్లుల్నీ బిడ్డల్నీ గమనించడం మొదలుపెట్టింది. ఆ పరిశోధనతో పాటు తర్వాత అమెరికాలో చేసిన పనిలోనూ ఆమె కీలకంగా చూసింది, బిడ్డ పిలుపును తల్లి ఎంత బాగా అందుకుంటోంది అన్నదాన్ని. అమ్మ ఉద్యోగానికి వెళ్తోందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ పిలుపు అందుకునేది అమ్మే కానక్కర్లేదు, అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్లలు మన దగ్గర కోకొల్లలు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఐన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్ పరిశోధనల్లో తేలింది. బాల్యం కష్టంగా గడిచినా, ఆ కష్టాన్ని తడబడకుండా, దాచకుండా చెప్పుకోగలిగే స్థితికి చేరినవాళ్లు నిశ్చింతగా బంధాలు నిలుపుకోగలరు. చిన్నప్పటి రాత చెరగనిదైతే నేను ఎప్పుడో ఈ దుకాణం కట్టేసేదాన్ని.

ఒక హద్దు మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మనసు విప్పమనకూడదు. ఇక్కడ చెప్పిన మాటకు అక్కడ దెబ్బలు తినాల్సి రావచ్చు. అప్పుడు ముందు చూడాల్సింది ప్రాణభద్రత. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, 2005 నాటి గృహహింస చట్టం ఉంది. భయపెట్టేవాడి భయాన్ని అర్థం చేసుకోమని భార్యకు చెప్పడం థెరపీ అనిపించుకోదు.

అలాంటి ప్రమాదం లేని ఇళ్లలో రేపు ఏ కొడుకో కోడలో, అక్కో బావో గొడవపడి మీ ముందుకొస్తారు. పంచాయితీకి పిలిస్తే పెద్దలుగా వెళ్లండి, తప్పులేదు. తప్పెవరిదని అడగడానికి ముందు, కోపం రాకముందు ఒక్క నిమిషం ఏమనిపించిందో ఇద్దర్నీ విడివిడిగా అడగండి. జవాబు వచ్చేదాకా సలహా చెప్పకండి. మీవల్ల కానిది అనిపిస్తే కౌన్సెలర్ దగ్గరికి పంపండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేయమనండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.